అబద్ధానికి పెట్టుకున్న ముద్దుపేర్లు

"మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారా?" అని మధుమేహ రోగిని అడిగితే, "వేసుకుంటున్నానండీ" అన్న జవాబు తడుముకోకుండా వస్తుంది. గడచిన రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం మరో మాట చెబుతుంది. ఆ కాగితం ముందు పెట్టి మళ్లీ అడిగితే ఆ పెద్దమనిషి ఇబ్బందిగా నవ్వి, "అంటే, మధ్యమధ్యలో కాస్త అటూ ఇటూ అయింది. మీరు కోప్పడతారని మాట వరసకు అలా అన్నాను" అంటాడు. నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో ఈ సంభాషణ నాకు లెక్కలేనన్ని సార్లు ఎదురైంది. "అబద్ధం చెప్పానండీ" అని సూటిగా ఒప్పుకున్నవారు, నాకు గుర్తున్నంత వరకు, ఐదారుగురికి మించరు.

అబద్ధం ఆడరాదని బోధించడానికి ఈ వ్యాసం అక్కరలేదు. అది అందరికీ తెలిసిన నీతే. అబద్ధానికి మనం పెట్టుకునే మెత్తని పేర్లు ఏ విధంగా హాని చేస్తాయో, రోగాలకు పేర్లు పెట్టడమే వృత్తిగా బ్రతికిన మనిషిగా చెప్పదలచాను. రోగానికి తప్పుడు పేరు పెడితే చికిత్స తప్పుతుంది. అబద్ధం విషయంలోనూ జరిగేది అదే.

ఇంటింటి పర్యాయపదాలు

తెలుగులో అబద్ధానికి సూటి మాటలు తక్కువేమీ కాదు. కల్ల, బొంకు, అసత్యం, అనృతం ఉన్నాయి. అయితే నిత్యవ్యవహారంలో ఇవి ఎదుటివారి మాటలకే పనికివస్తాయి. మన మాటల దగ్గరికి వచ్చేసరికి పదకోశం మారిపోతుంది. పక్కింటివాడు బొంకుతాడు, మనం సర్దిచెబుతాం. అతడు బుకాయిస్తాడు, మనం లౌక్యంగా మాట్లాడతాం. అతడు మోసం చేస్తాడు, మనం "విషయం చెప్పలేదంతే, అబద్ధమైతే ఆడలేదు కదా" అంటాం. లేని జ్వరానికి సెలవు కోసం వైద్యుడి దగ్గర కాగితం రాయించుకోవడాన్ని "సర్టిఫికెట్ సర్దుబాటు" అంటాం. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం అటువంటి కాగితంపై సంతకం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అడిగేవారికి అది చిన్న సాయంగానే కనిపిస్తుంది. ఇచ్చే వైద్యుడికీ కొంతకాలానికి అలాగే కనిపిస్తుంది.

వెయ్యి అబద్ధాలు ఆడైనా ఒక పెళ్లి చేయాలన్న సామెత మనకు ఉంది. సామెతలో అబద్ధం అన్న మాట ఉన్నా, పెళ్లిచూపుల గదిలో అది వినబడదు. అక్కడ "కొంచెం వయసు తగ్గించి చెప్పాం", "ఉద్యోగం గురించి కాస్త పెంచి చెప్పాం" అన్న మాటలే ఉంటాయి. మూర్ఛవ్యాధి ఉన్న అమ్మాయి విషయంలో "ఎప్పుడో చిన్నతనంలో ఒకసారి కళ్లు తిరిగాయి" అంటారు. పెళ్లయిన తరువాత అత్తవారింట మాత్రలు కనబడకూడదు గనుక ఆ పిల్ల మందులు ఆపేస్తుంది. మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటి నవవధువును అర్ధరాత్రి ఆసుపత్రికి మోసుకొచ్చిన సందర్భాలు నేను చూశాను. మూర్ఛవ్యాధిని వివాహానికి అనర్హతగా చూపే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లో తొలగించారు. చట్టం తొలగించిన సంకోచాన్ని మన ఇళ్లు తొలగించుకోలేదు. ఆ తల్లిదండ్రులను అడిగితే అబద్ధం చెప్పామని అనరు, "పిల్ల బ్రతుకు కోసం దాచాం" అంటారు. ఆ పిల్ల బ్రతుకే ప్రమాదంలో పడింది.

భాగవతంలోని వామన కథ మనకందరికీ తెలుసు. పెళ్లి వేళ, ప్రాణాపాయ సమయంలో, ఆస్తికి, పరువుకు ముప్పు వచ్చినప్పుడు ఆడితప్పినా దోషం లేదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి హితవు చెప్పాడు. బలి ఆ మినహాయింపును స్వీకరించలేదు. ఆ హితవును ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒక్క సంగతి గమనించాలి. శుక్రుడు బొంకును బొంకనే అన్నాడు. మినహాయింపు ఇచ్చాడు గాని పేరు మార్చలేదు. మనం శుక్రుడికంటే ఒక అడుగు ముందుకు వేశాం. పేరే మార్చేస్తే ఇక మినహాయింపుతో పని ఉండదు.

సభలలో, కోర్టులలో

రాజకీయాలలో ఈ నేర్పు ఒక శాస్త్రంగానే ఎదిగింది. బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడు మరొక సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. 1906లో, వలసల శాఖలో ఉపమంత్రిగా ఉన్న యువ విన్‌స్టన్ చర్చిల్, ట్రాన్స్‌వాల్ గనులలోని చైనా కూలీల ఒప్పందాలను బానిసత్వం అని పిలిస్తే అది "పదజాలపరమైన అయథార్థత" అవుతుందని అన్నాడు. ఆయన ఉద్దేశం ఏదైనా, ఆ బరువైన పదబంధం ఆంగ్లంలో అబద్ధానికి మర్యాదపూర్వకమైన మారుపేరుగా స్థిరపడింది.

1973 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పత్రికా కార్యదర్శి రాన్ జీగ్లర్, వాటర్‌గేట్ వ్యవహారంపై తాము అంతవరకు చెప్పిన మాటలు ఇక "చెల్లుబాటులో లేవు" అని ప్రకటించాడు. అవి అసత్యాలని అనలేదు. గడువు తీరిన మందుల్లాగా పక్కన పెట్టాడు. 1986లో బ్రిటిష్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఒక మాజీ గూఢచారి రాసిన "స్పైక్యాచర్" పుస్తకాన్ని ఆపించడానికి సిడ్నీ కోర్టుకు వెళ్లాడు. ప్రభుత్వం రాసిన ఒక లేఖ గురించి ప్రతివాద న్యాయవాది మాల్కమ్ టర్న్‌బుల్ నిలదీశాడు. ఈయనే తరువాత ఆస్ట్రేలియా ప్రధాని అయ్యాడు. ఆ లేఖ తప్పుదారి పట్టించే అభిప్రాయం కలిగించి ఉండవచ్చు గాని అబద్ధం కాదని, అది "సత్యం విషయంలో పొదుపు" మాత్రమేనని ఆర్మ్‌స్ట్రాంగ్ వాదించాడు. 2008లో హిల్లరీ క్లింటన్, తాను బోస్నియాలో తుపాకి గుళ్ల మధ్య దిగానని చెప్పిన కథ వీడియోల ముందు నిలవకపోయేసరికి "మాట తడబడింది" అన్నారు. 2017 జనవరిలో ట్రంప్ సలహాదారు కెల్లీయాన్ కాన్వే, ప్రమాణస్వీకారానికి వచ్చిన జనం గురించి శ్వేతసౌధం చెప్పిన తప్పుడు మాటలకు "ప్రత్యామ్నాయ వాస్తవాలు" అని పేరు పెట్టారు. పార్టీలు వేరైనా పనితనం ఒకటే.

మనకు ఈ విద్య కొత్త కాదు. కురుక్షేత్రంలో ధర్మరాజు అశ్వత్థామ మరణించాడని పెద్దగా పలికి, ఏనుగు అన్న మాటను ద్రోణుడికి వినబడకుండా మెల్లగా పలికాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన సత్యం పొదుపు అదే. అక్షరం చూస్తే అసత్యం లేదు, ఫలితం చూస్తే గురువు ప్రాణం పోయింది. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ క్షణాన నేలను తాకిందని భారతం చెబుతుంది. భారతకర్త ఆ పొదుపును లౌక్యమని సర్దిపెట్టలేదు.

నేటి భారతదేశానికి వస్తే, 2022 జూలైలో లోక్‌సభ సచివాలయం వెలువరించిన సభామర్యాదకు తగని పదాల సంకలనంలో "అసత్యం" అన్న మాట కూడా కనిపించింది. ఏ పదాన్నీ నిషేధించలేదని, గతంలో రికార్డుల నుంచి తొలగించినవాటినే కూర్చామని స్పీకర్ వివరించారు. ఆ వివరణ సబబే. అయినా జాతీయ చిహ్నం కింద సత్యానికే జయమని రాసుకున్న దేశంలో, సభలో అసత్యాన్ని అసత్యమని పిలవడం ఎంత కష్టమో ఆ జాబితా చెప్పకనే చెప్పింది. విదేశాల నల్లధనం తిరిగివస్తే ఒక్కొక్కరికి పదిహేను లక్షలన్న ఎన్నికల సభ మాటను 2015లో అప్పటి భాజపా అధ్యక్షుడు అమిత్ షా "జుమ్లా" అన్నారు. అసలు మాట వాగ్దానమా, ఉదాహరణా అన్నది పార్టీల మధ్య వాదం. ఆ వాదం ఎలా తేలినా, జుమ్లా అన్న పదం మాత్రం అన్ని పార్టీల నోళ్లలోనూ నిలిచిపోయింది. ఇక మన తెలుగు రాష్ట్రాల నాయకులకు, ఏ జెండా వారికైనా, "నా మాటలను వక్రీకరించారు" అన్న వాక్యం తలనొప్పి మాత్రలాగా జేబులో సిద్ధంగా ఉంటుంది. కెమెరాలో పూర్తి ప్రసంగం ఉన్నా ఆ మాత్ర పనిచేస్తూనే ఉంటుంది.

సందేహం అనే సరుకు

వైద్యుడిగా నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన ముద్దుపేరు వేరే ఉంది. 1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ధూమపానానికి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఉన్న సంబంధాన్ని చూపించారు. 1954 జనవరి 4న అమెరికా సిగరెట్ కంపెనీలు నాలుగు వందలకు పైగా పత్రికలలో ఒక ప్రకటన వేయించి, తమ ఉత్పత్తులు ఆరోగ్యానికి హానికరం కావని నమ్ముతున్నామని, పరిశోధనలకు సహకరిస్తామని ప్రజలకు మాట ఇచ్చాయి. ఆ తరువాత దశాబ్దాల తరబడి వారు వాడిన మాటలు "వివాదం ఉంది", "ఇంకా రుజువు కాలేదు", "మరింత పరిశోధన అవసరం". ఇవన్నీ మా శాస్త్రానికి చెందిన గౌరవనీయమైన మాటలే. 1969 నాటి ఒక సిగరెట్ కంపెనీ అంతర్గత పత్రం, సందేహమే తమ సరుకని దాపరికం లేకుండా రాసుకుంది. 1994లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగించదని నమ్ముతున్నామని చెప్పారు. 2006లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్, ఈ కంపెనీలు ప్రజలను దశాబ్దాలపాటు మోసగించాయని తీర్పు చెప్పి, "లైట్", "మైల్డ్", "లో టార్" వంటి మాటలను సిగరెట్లపై వాడరాదని ఆదేశించారు.

1950 నుంచి 2006 వరకు గడచిన కాలం 56 సంవత్సరాలు. అంతకాలం ఆ అబద్ధం శాస్త్రీయ సందేహం అనే తెల్లకోటు వేసుకుని తిరిగింది. దానిని మొదటే దాని పేరుతో పిలిచి ఉంటే ఎన్ని ఊపిరితిత్తులు మిగిలేవో ఊహించుకోవచ్చు. మన టెలివిజన్‌లో నేటికీ గుట్కా, పాన్ మసాలాలతో పేరు పంచుకున్న ఏలకుల పొట్లాన్ని ప్రముఖ నటులు నమిలి చూపిస్తారు. దానికి పెట్టిన పేరు బ్రాండ్ ప్రచారం. నోరు తెరవలేని స్థితిలో వచ్చే కుర్రవాళ్లకు ఆ పేరుతో ఏం పని?

నొప్పి తెలియని పాదం

మెత్తని పేరు ఎందుకు ప్రమాదకరం? మధుమేహ రోగుల పాదాలను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నరాలు దెబ్బతిన్న పాదానికి స్పర్శ ఉండదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు గనుక ఆ మనిషి దాని మీదే నడుస్తాడు. పుండు పడుతుంది, చీము చేరుతుంది, చివరికి పాదమే తీసివేయవలసి రావచ్చు. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు. అబద్ధం ఆడినప్పుడు మనసులో కలిగే ముల్లుపోటు కూడా అటువంటి కావలివాడే. సర్దిచెప్పాను, లౌక్యం చూపాను, మాట వరసకు అన్నాను అనుకున్న ప్రతిసారీ ఆ స్పర్శను మనమే చంపుకుంటున్నాం.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా, మంచివారు కూడా చెడు పనులు చేస్తూ తమను తాము మంచివారిగానే ఎలా భావించుకోగలుగుతారో వివరించిన సిద్ధాంతంలో, పనికి మెత్తని పేరు పెట్టుకోవడాన్ని ఒక ముఖ్యమైన ఉపాయంగా లెక్కించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో "నేచర్ న్యూరోసైన్స్" పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. స్వలాభం కోసం అబద్ధం చెప్పే కొద్దీ మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా అనే భాగపు స్పందన తగ్గుతూ, అబద్ధాల పరిమాణం పెరుగుతూ పోయిందని వారు గమనించారు. ఒక్క అధ్యయనంతో తుది తీర్పు చెప్పలేం. కాని స్పర్శ పోయిన పాదాన్ని చూసిన వైద్యుడికి ఆ ఫలితం వింతగా తోచదు.

వేరే పేరు న్యాయమైనప్పుడు

నిజం కాని ప్రతి మాటా అబద్ధం కాదు. అతిగా మద్యం సేవించి థయమిన్ లోపంతో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న కొందరు రోగులుంటారు. వారం రోజులుగా మంచం దిగని మనిషిని "నిన్న ఎక్కడున్నారు?" అని అడిగితే, తిరుపతి వెళ్లి దర్శనం చేసుకుని వచ్చానని వివరంగా చెబుతాడు. అతడు మనల్ని మోసగించడం లేదు. జ్ఞాపకంలో ఏర్పడిన ఖాళీని అతనికి తెలియకుండానే మెదడు పూరిస్తోంది. వైద్యంలో దానికి కన్ఫాబ్యులేషన్ అని పేరు. ఆ మనిషిని అబద్ధాలకోరు అనడం అన్యాయం. మరపు, పొరపాటు, భ్రమ, అతిశయోక్తి, ఇవన్నీ వేరు వేరు పదార్థాలు. వాటికి వేరు పేర్లు ఉండవలసిందే. చట్టసభలో సభ్యులు ఒకరినొకరు అబద్ధాలకోరులని తిట్టుకుంటూ కూర్చుంటే చర్చ సాగదన్న వాదనలోనూ బలం ఉంది. మర్యాద కోసం మనిషిని తిట్టకపోవచ్చు. మర్యాద పేరు చెప్పి అతని మాటను పరీక్షించడం మానరాదు.

కనుక నిర్ధారణకు మూడు ప్రశ్నలు చాలు. చెప్పినవారికి అది నిజం కాదని తెలుసా? విన్నవారు నమ్మాలని కోరుకున్నారా? నమ్మినందువల్ల నష్టపోయేది ఎవరు? మొదటి రెండింటికి అవునన్న జవాబు వస్తే దాని పేరు అబద్ధం. మూడవ ప్రశ్న దాని తీవ్రతను చెబుతుంది.

నేను చెప్పిన "ధైర్యం"

ఇంతదాకా ఇతరుల గురించి రాశాను. ఈ పరీక్షలో నేను తప్పిన సంగతి రాయకపోతే ఈ వ్యాసమే సత్యం పొదుపు అవుతుంది.

చాలా ఏళ్ల క్రితం పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు కడుపునొప్పితో నా దగ్గరకు వచ్చారు. జీర్ణాశయంలో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. పెద్దకొడుకు నన్ను పక్కకు పిలిచి, "నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు. కాస్త ధైర్యం చెప్పండి" అన్నాడు. నేను లోపలికి వెళ్లి, "కడుపులో పుండు పడింది మాస్టారూ, మందులతో మానుతుంది" అన్నాను. ఆయన తలూపారు. రెండు నెలల తరువాత, చిక్కి శల్యమై, నా చేయి పట్టుకుని, "ఇంతకాలం మానని పుండును మీ శాస్త్రంలో ఇంకా పుండనే అంటారా?" అని అడిగారు. నేను మళ్లీ ధైర్యమే చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆయన పోయిన తరువాత ఆయన తమ్ముడు నన్ను చూడటానికి వచ్చాడు. పొలం గట్టు తగాదాతో పన్నెండేళ్లుగా అన్నదమ్ములకు మాటలు లేవట. "పోతున్నానని తెలిస్తే మా అన్న నాకు కార్డు ముక్క రాసేవాడండీ. నాకు తెలిసినా నేనే పరుగెత్తుకు వచ్చేవాణ్ణి" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు బదులు చెప్పడం చేతకాలేదు.

నేను చేసిన పనిని ఆనాడు అబద్ధం అనుకోలేదు. ధైర్యం చెప్పడం అనుకున్నాను. ఆ పేరే నాకు మత్తుమందు. నిజానికి ధైర్యం అవసరమైంది నాకు, ఆయన కొడుక్కి. మాస్టారుకు కావలసింది సమయం. రోగి స్థితిని పెంచి చెప్పరాదని, తగ్గించి చెప్పరాదని మా వృత్తి నియమావళి స్పష్టంగా చెబుతోంది. అది నాకు తెలియనిదేమీ కాదు.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. రోగినే అడిగేవాణ్ణి: "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" కొందరు అంతా చెప్పమన్నారు. కొందరు "మా అబ్బాయితో చెప్పండి, నాకు వద్దు" అన్నారు. అది వారి నిర్ణయం గనుక గౌరవించాను. సత్యాన్ని ఒకేసారి నెత్తిన కుమ్మరించనక్కరలేదు, విడతలుగా చెప్పవచ్చు, చేయి పట్టుకుని చెప్పవచ్చు. "ఈ సంగతి ఇప్పుడు చెప్పలేను" అనడం కూడా నిజాయితీయే. మౌనానికి, బొంకుకు మధ్య చాలా చోటుంది. నేను ఆ చోటును వెతకలేదు, అంతే.

చికిత్స ఎక్కడ మొదలవుతుంది

పాఠకులను నేను కోరేది పెద్ద వ్రతమేమీ కాదు. నాయకుడు "వక్రీకరించారు" అన్నప్పుడు ఆయన ఏ పార్టీవాడో చూడకముందే పై మూడు ప్రశ్నలు వేసుకోండి. మనకు నచ్చిన నాయకుడి విషయంలో మరికాస్త గట్టిగా వేసుకోండి. అప్పులవాడు తలుపు తట్టినప్పుడు "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లవాణ్ణి పంపకండి. వాడు ఆ రోజు నేర్చుకునేది ఒక అబద్ధం కాదు, అది అబద్ధం కాదనే పాఠం. మీరే పట్టుబడిన రోజున "మాట వరసకు అన్నాను" అనకుండా "అబద్ధం చెప్పాను" అని ఒక్కసారి అని చూడండి. నాలుక మీద కష్టంగా ఉంటుంది. స్పర్శ ఇంకా మిగిలి ఉందనడానికి అదే గుర్తు.

మొదట చెప్పిన ఐదారుగురు రోగుల సంగతితో ముగిస్తాను. వారు "అబద్ధం చెప్పానండీ, మందులు వేసుకోవడం లేదు" అన్నప్పుడు నేను కోప్పడలేదు. "ఎందుకు మానేశారు?" అని అడిగాను. ఒకరికి ఆ మాత్రతో కడుపులో వికారం. ఒకరికి నెలాఖరున డబ్బులు చాలవు. ఒకామెకు మందులు మొదలుపెడితే జీవితాంతం వదలవని ఎవరో చెప్పిన భయం. మాత్ర మార్చవచ్చు, చవకైన జనరిక్ మందు రాయవచ్చు, భయం గురించి కూర్చుని మాట్లాడవచ్చు. "కాస్త అటూ ఇటూ అయింది" అన్నవారికి నేను మోతాదు పెంచి రాసి పంపాను. వేసుకోని మందుకు మోతాదు పెంచడం కంటే వ్యర్థమైన వైద్యం ఇంకొకటి లేదు.